శాలువ కింద వేలు

ఆ రోజు కల్తూమా ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు. ఇంటావిడ కల్తూమా. పొయ్యి దగ్గర గొర్రెతోలు మీద కాళ్లు చాపుకుని యమ్నా ముసలమ్మ. ఊరి కుంకుమపువ్వు సంఘంలో ఆమెకంటే పెద్దవాళ్లు లేరు. గోడకు ఆనుకుని తూదా. సంఘం తాళంచెవి ఆ రోజునుంచి ఆమె చేతికి రావాలి. తూదా పక్కనే హబ్బూషా, నోటికి మూతలేని మనిషి. ఆమె నవ్వినా తిట్టినా కొండ అవతలి ఊరికి వినబడుతుందని చెప్పుకునేవారు. ఇక గడపకు దగ్గరగా ఇజ్జా, కల్తూమా తమ్ముడి కూతురు, పదిహేనేళ్లది.

కల్తూమా మొగుడు బ్రాహీంను పొద్దున్నే సంతకు తోలేశారు కాబట్టి ఆయన లెక్కలోకి రాడు. మూల బుట్టలో కాలు బెణికిన మేకపిల్ల ఒకటి ఉంది, అదీ లెక్కలోకి రాదు. తను లెక్కలోకి వస్తుందో రాదో ఇజ్జాకే తెలియదు. ఆమె సంఘం సభ్యురాలు కాదు. కానీ మూడేళ్లుగా ఆమె లేకుండా ఆ గదిలో సంఘం ఫోను తెరుచుకున్న రోజు ఒక్కటీ లేదు.

ఫోను ఎర్రగుడ్డలో చుట్టి అందరి మధ్యా పళ్లెంలో ఉంది. పక్కన టీ గ్లాసులు, బార్లీ రొట్టె, బాదం నూరిన అమ్లూ గిన్నె. ఎవరూ రొట్టె ముట్టుకోలేదు.

"సరే, రేపు తెల్లారేసరికి నేను అగాదీర్ బస్సులో ఉంటాను," అంది కల్తూమా. "డాక్టరు ఈ కన్ను కోస్తాడట. ఆ తర్వాత రెండో కన్ను. కొడుకు మూడు నెలలు కదలనివ్వడు. నా దగ్గరున్నది మీకు అప్పగించి పోవాలి. ఎవరి నోటా మాట రాకూడదు."

ఆ చివరి మాట అన్నప్పుడు ఆమె హబ్బూషా వైపు చూసింది.

"నా నోరంటే నా మొగుడికే భయం, నీకెందుకు?" అంది హబ్బూషా. "ఇంతకీ ఆ తాళంచెవి ఎంత బరువుంటుందే ఇజ్జా? మా గాడిదను తోలుకురమ్మంటావా?"

ఇజ్జా చెవులు వేడెక్కాయి. చెప్పవలసింది చాలా ఉంది. రాత్రి కూర్చుని నోటుపుస్తకంలో వరసగా రాసుకుంది కూడా. రాసుకున్నప్పుడు బాగానే ఉంది. నలుగురు ఆడవాళ్లు తనవైపు చూసేసరికి మొదటి వాక్యమే గుర్తురాలేదు.

"పాస్‌కీ అంటారు," అంది చివరికి, నేలవైపు చూస్తూ. "మన అంగడి తలుపుకి అది తాళంచెవి."

అంగడి అంటే ఫోనులో ఉన్న అంగడి. ఎక్కడెక్కడివాళ్లో అందులో కుంకుమపువ్వు అడుగుతారు, వీళ్లు పంపుతారు. మూడేళ్ల కిందట తలియూయిన్ నుంచి ఒక అమ్మాయి వచ్చి అదంతా అమర్చి వెళ్లింది. గుర్తుపెట్టుకునే మాటలేవీ అక్కర్లేదు, ఈ తాళంచెవి ఫోనులోనే ఒక పెట్టెలో ఉంటుంది, వేలు ఆనిస్తే పెట్టె తెరుచుకుంటుంది అని చెప్పింది. ఆ పెట్టెను కల్తూమా పేరుమీద తెరిచింది. చిక్కంతా అక్కడే వచ్చింది. ఇప్పుడా పెట్టెలో కల్తూమా ఆసుపత్రి కార్డు తాళంచెవి ఉంది, కొడుకు పంపే ఫొటోల తాళంచెవి ఉంది. పెట్టెను పెట్టెగా తూదాకు ఇవ్వడానికి లేదు. ఆమె పెట్టె ఆమెతో అగాదీర్ పోతుంది, కొడుకు ఫోనులో తెరుచుకుంటుంది. అంగడి తాళంచెవి ఒక్కటి మాత్రం అందులోంచి తీసి, సంఘం పేరుమీద కొత్తగా తెరిచిన వేరే పెట్టెలో పెట్టాలి.

ఇదంతా ఇజ్జా నాలుగు ముక్కల్లో చెప్పింది. యమ్నా ముసలమ్మ ఎంత అర్థం చేసుకుందో గానీ తల ఊపింది.

"మా పెద్దల నాటి మాట మరిచిపోకండి," అంది. "కొండమీది ధాన్యపు కోటలో ఏ ఇంటివాళ్ల గది తీయాలన్నా ఇద్దరుండాలి. కోట కాసే అమీను తాళంచెవిని అంగీ కింద కప్పి తిప్పేవాడు, దాని పళ్లు ఇంకొకడి కంట పడకుండా. మన తాళంచెవికీ అదే కట్టు."

మూడేళ్లుగా ఆ కట్టు తప్పలేదని ఆ గదిలో అందరి నమ్మకం. రోజూ మూడోజాము నమాజయ్యాక తూదానో హబ్బూషానో వచ్చి ఎదురుగా కూర్చునేది. కల్తూమా ఫోనును ఒళ్లో పెట్టుకుని పైన శాలువ కప్పేది. పక్కన ఇజ్జా. కాసేపటికి శాలువ తీస్తే అంగడి తెరిచి ఉండేది. అడిగినవాళ్ల పేర్లు ఇజ్జా చదివేది. అమీను అంగీ కప్పినట్టే కల్తూమా శాలువ కప్పుతోందని వాళ్లు మురిసిపోయేవారు.

శాలువ కింద ఆనేది ఇజ్జా వేలని వాళ్లకు తెలియదు.

మొదటిరోజున తలియూయిన్ అమ్మాయి కల్తూమా వేలు పదిసార్లు ఆనించింది. ఫోను పట్టుకోలేదు. ముప్పయ్యేళ్లు మగ్గం మీద ముడులు వేసి వేసి ఆ వేళ్ల కొసలు ఏటిరాళ్లలా నునుపుదేరిపోయాయి. అమ్మాయికి బస్సు టైమైపోతోంది. "ఎవరిదో ఒకరిది లేతవేలు పెట్టండి," అంది. ఇజ్జా అక్కడ ఉంది కాబట్టి ఇజ్జాది పెట్టారు. ఆ సాయంత్రం అత్త, "ఈ మాట మనిద్దరి మధ్యే," అంది. అంతే. అది అబద్ధమా, మొహమాటమా అన్నది ఇజ్జా అప్పుడు ఆలోచించలేదు. తర్వాత ఆలోచించింది గానీ తేలలేదు.

ఇప్పుడు కల్తూమా ఎప్పటిలాగే శాలువ కప్పింది. ఇజ్జా చెయ్యి కిందికి పోయింది. పాత పెట్టె తెరుచుకుంది. ఇజ్జా తల వంచి శాలువ అంచులోంచి చూస్తూ ఒక్కొక్కటే నొక్కింది. ఏది పంపాలి? అంగడిది. ఏ పెట్టెకు? కొత్తదానికి. మళ్లీ వేలు. ఒక చిన్న చక్రం తిరిగి తిరిగి ఆగింది.

"అయింది," అంది ఇజ్జా.

"అంతేనా?" అంది తూదా.  "చప్పుడైనా కాలేదే."

"ఇప్పుడెక్కడుంది అది?" అంది యమ్నా.

"కొత్త పెట్టెలో."

"పాతదాంట్లో ఏముంది?"

ఇజ్జా చూసింది. చూసి, మళ్లీ చూసింది.

"దాంట్లో కూడా ఉంది."

 హబ్బూషా నవ్వు మొదలుపెట్టింది.

"శభాష్! గాడిదను అమ్మేసి ఇంటికొస్తే, అది కొన్నవాడి కొట్టంలోనూ ఉంది, మన కొట్టంలోనూ ఉంది! ఈ విద్యేదో మాకూ నేర్పవే, నేను మేకల్ని అమ్ముకుంటా!"

"పంపడమంటే..." ఇజ్జా ఆగింది. ఒక దీపంతో ఇంకో దీపం వెలిగిస్తే మొదటిది ఆరిపోదు కదా అని చెప్పాలని ఉంది. పక్కింటివాళ్లకు పొయ్యిలోంచి నిప్పు ఇచ్చినా మన నిప్పు మనకుంటుంది. రాత్రి నోటుపుస్తకంలో సరిగ్గా అలాగే రాసుకుంది. కానీ తాళంచెవికి ఆ మాట పనికొస్తుందా? నిప్పు ఇద్దరి దగ్గరుంటే మంచిదే. తాళంచెవి ఇద్దరి దగ్గరుంటే? ఆమెకే అనుమానం వచ్చి ఊరుకుంది.

"నవ్వులాట కాదు," అంది యమ్నా. "కల్తూమా, రేపు నీతోపాటు ఒక తాళంచెవి అగాదీర్ పోతుందన్నమాట."

"నేనడిగానా దాన్ని? అదే ఉండిపోయింది."

"నువ్వడిగావని ఎవరన్నారే? మాట చెబుతున్నా. మా మామగారి తండ్రి అమీను పనినుంచి దిగిననాడు కొత్త తాళంచెవి చెక్కించి, పాతది పొయ్యిలో పెట్టారు. ఆ మంటమీదే టీ కాచి ఊరందరికీ పోశారు. బాదం కొయ్య, ఒక పట్టాన కాలలేదట. అది బూడిదయ్యేదాకా ఎవరూ లేవలేదు."

కల్తూమా మొహం గట్టిపడింది. కన్ను కోయించుకోబోయే మనిషి, మూడు నెలలు ఊళ్లో ఉండదు. తన వెనకాల ఏ మాట పుడుతుందో ఆమెకు తెలుసు.

"తీసెయ్యి ఇజ్జా. పాతది తీసెయ్యి."

ఇజ్జా ఆమె చెవి దగ్గరకు వంగింది. "అత్తా, ముందు కొత్తదాంతో తలుపు తీసి చూద్దాం. అది తెరుచుకోకపోతే మనకేదీ ఉండదు."

"ఏంటా గుసగుస?" అంది హబ్బూషా.

"తీసెయ్యి అన్నాను," అంది కల్తూమా, అందరికీ వినబడేలా.

శాలువ కప్పారు. నిజంగా తీసెయ్యనా అని ఫోను అడిగింది. ఔనంది ఇజ్జా. తీసేస్తే మళ్లీ రాదు, తెలుసా అని ఇంకోసారి అడిగింది. ఆమెకు తెలియదు. అయినా ఔనంది. వేలు ఆనించింది. పాత పెట్టెలో ఆసుపత్రిదీ ఫొటోలదీ రెండే మిగిలాయి.

"కాలిపోయింది," అంది యమ్నాతో, ఇంకెలా చెప్పాలో తెలియక.

ముసలమ్మ పొయ్యిలోకి రెండు పుల్లలు తోసి కెటిల్ ఎక్కించింది. టీ పోశారు. రొట్టె తుంచారు. అందరి మొహాలూ కాస్త తేటపడ్డాయి. తూదా చేతులు కడుక్కుని, తుడుచుకుని, తన శాలువ సర్దుకుంది.

"ఇక నా వంతు. ఎలా పట్టుకోవాలో చెప్పు తల్లీ."

"ముందు మీ వేలు దీనికి పరిచయం చెయ్యాలి, లల్లా తూదా," అంది ఇజ్జా మర్యాదగా. "ఇక్కడ ఆనించండి. తియ్యండి. మళ్లీ."

తూదా ఆనించింది. తీసింది. ఫోను గుర్రుమంటూ వణికింది. మళ్లీ ఆనించింది. మళ్లీ వణికింది.

"నేనంటే పడదా దీనికి?"

వేలు నాలుకమీద తడుపుకుంది. పిండిలో అద్దుకుంది. బొటనవేలు పెట్టింది, చిటికెనవేలు పెట్టింది. అమ్లూ రాయమంది హబ్బూషా, అత్తగారికి వెన్న పూసినట్టు. పది వేళ్లూ అయిపోయాయి. ఏ ఒక్కటీ పట్టలేదు. ఇజ్జాకు ఇది జరుగుతుందని ముందే తెలుసా? తెలుసేమో. తూదాదీ మగ్గం చెయ్యే. అయినా ఏ మూలో, తూదాది పట్టేస్తుంది, ఎవరికీ ఏమీ తెలియకుండా గడిచిపోతుంది అని ఆశపడింది.

తూదా తన వేళ్లవైపే చూసుకుంటోంది. "నాకు వేలిగుర్తులే లేవా? మరి నేనని ఎలా తెలుస్తుంది?"

"ఆగండాగండి," అంది హబ్బూషా. ఆమె గొంతులో నవ్వు పోయింది. "కల్తూమా, నువ్వూ తూదా ఒకే మగ్గంమీద పెరిగారు. ముప్పయ్యేళ్లు ఒకే దువ్వెనతో ఉన్ని కొట్టారు. నీవేమన్నా పట్టువేళ్లా? నీది ఎలా పట్టింది?"

"పట్టింది. దేవుడి దయ."

"ఆ దయేదో మేమూ చూస్తాం. శాలువ లేకుండా ఆనించు."

కల్తూమా టీ గ్లాసు కింద పెట్టింది. ఫోను అందుకుంది. ఎందుకందుకుందో ఇజ్జాకు అర్థం కాలేదు. ఆనిస్తే వణుకుతుందని అత్తకు తెలుసు. తెలిసీ వేలు చాచింది.  

"నాది," అంది ఇజ్జా.

ఎవరికీ వినబడలేదు. మళ్లీ అంది. "అది నా వేలు. మొదటిరోజునుంచీ నాదే."

మేకపిల్ల బుట్టలో కదిలింది. యమ్నా ముసలమ్మ కాళ్లు దగ్గరకు ముడుచుకుంది.

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ!" అంది హబ్బూషా మెల్లగా. "అంటే మేం మూడేళ్లు ఎదురుగా కూర్చుని కాపలా కాసింది ఎవరిని? తాళంచెవేమో గడప దగ్గర కూర్చుని టీ తాగుతోంది!"

"ఆ పిల్లనేమీ అనకు," అంది కల్తూమా. "నేను చెప్పినట్టే చేసింది. నా వేలు పట్టలేదని చెప్పుకోవడానికి సిగ్గేసింది. ఇద్దరం లేకుండా ఒక్కరోజూ తీయలేదు. దేవుడిమీద ఆన, ఆ కట్టు మాత్రం తప్పలేదు."

యమ్నా ఆమె మాట విని, ఇజ్జావైపు తిరిగింది. కోపంగా కాదు. కోపంగా అడిగినా బాగుండేది.

"నువ్వు చెప్పు పిల్లా. మీ అత్త కూడా లేకుండా ఎప్పుడైనా తీశావా?"

లేదు అంటే అయిపోయేది. అత్త ఆన నిలబడేది. ఇజ్జా నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఒకసారి ఉంది.

"ఒక్కసారి," అంది.

అత్తవైపు చూడకుండా చెప్పింది. పోయిన వసంతంలో ఒక మధ్యాహ్నం, అత్త గడ్డికి పోయినప్పుడు బట్టలపెట్టెలోంచి ఫోను తీసింది. ఏమీ ముట్టుకోలేదు. కొన్నవాళ్లు కింద రాసే మాటలు చదవాలనిపించింది. పేర్లూ ఊళ్లూ చదివాక రోజూ ఫోను మూసేసేవారు, ఆ మాటలు చదివేదాకా ఎవరూ ఆగేవారు కాదు. ఎక్కడో మంచుపడే ఊళ్లో ఉన్న ఒకామె రాసింది, డబ్బా మూత తీయగానే చచ్చిపోయిన వాళ్లమ్మ వంటగదిలోకి వచ్చినట్టుందని. ఇజ్జా ఆ మాటను నోటుపుస్తకంలోకి ఎక్కించుకుంది. మళ్లీ ఎర్రగుడ్డ చుట్టి ఎక్కడిదక్కడ పెట్టింది.

"అంతేనా?" అంది తూదా.

"అంతే."

"నాకెందుకు చదివి వినిపించలేదు ఆ మాట?" అంది తూదా, దెబ్బతిన్న గొంతుతో. అది తప్పుపట్టడమో, అడగడమో ఇజ్జాకు తేలలేదు.

కల్తూమా శాలువ ఒళ్లోకి తీసుకుని మడత పెట్టడం మొదలుపెట్టింది. మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది.

యమ్నా, "ముందు ఆ తలుపు తెరుచుకుంటుందో లేదో చూడండి," అంది. "పాతది కాల్చేశాం కదా."

ఇజ్జా ముందుకు జరిగింది. శాలువ లేదు. నలుగురూ వంగి చూస్తుండగా వేలు ఆనించాలంటే తలమీద గుడ్డ లేకుండా వీధిలో నిలబడ్డట్టు అనిపించింది. ఆనించింది. కొత్త పెట్టె తెరుచుకుంది. అంగడి తెరుచుకుంది. ఎప్పటిలాగే ఊదా పువ్వు బొమ్మ, దానికింద అడిగినవాళ్ల పేర్లు.

"అల్‌హమ్దులిల్లా," అంది తూదా.

"ఇంత చిన్న వేలా!" అంది హబ్బూషా. ఆమె ఇజ్జా చెయ్యి పట్టుకుని తిప్పి తిప్పి చూసింది. "ఇప్పుడేం చేద్దాం? ఈ పిల్లను కోసి తూదా ఇంటికి సగం పంపుదామా?"

"వేలే అక్కర్లేదు," అంది ఇజ్జా. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకే తెలియదు. "అంకెలు పెట్టుకోవచ్చు. ఆరంకెలు. అవి నొక్కితే వేలు ఆనించినట్టే."

"ఆ అంకెలు తెలిసినవాళ్లు ఒంటరిగా తీయొచ్చుగా?" అంది హబ్బూషా. "మళ్లీ మొదటికే వచ్చాం."

యమ్నా ముసలమ్మ కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నారు.

"తూదాకు మూడు," అంది కళ్లు తెరవకుండా. "హబ్బూషాకు మూడు. ఒకరివి ఒకరికి తెలియకూడదు. మూడు నొక్కి ఆమె మొహం తిప్పుకోవాలి, తర్వాత ఈమె నొక్కాలి. ఇద్దరుంటేనే తలుపు. కోటకు ఇంతకంటే మంచి తాళం ఎప్పుడూ లేదు."

తూదా, హబ్బూషా ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. హబ్బూషా జారిన తలగుడ్డ సర్దుకుని నిటారుగా కూర్చుంది. ఆమెకూ సగం ఇస్తారని ఆమె అనుకోలేదు కాబోలు.

మిగిలింది ఇజ్జా పని. అమరికల్లోకి పోవడానికి ఫోను పాత అంకెలు అడిగింది. తలియూయిన్ అమ్మాయి పెట్టి వెళ్లినవి, ఇజ్జాకు తప్ప ఎవరికీ గుర్తులేవు. నొక్కింది. అక్కడ ఆమె వేలు ఒక చిన్న గీతల బొమ్మగా ఉంది, పక్కన 'వేలు 1' అని. అది తీసేసింది. ఇది ఒక్కసారే అడిగింది, నిజంగానా అని. తర్వాత కొత్త అంకెలకోసం ఆరు ఖాళీ చుక్కలు వచ్చాయి.

"రెండుసార్లు నొక్కాలి," అంది ఇజ్జా. "రెండోసారి తేడా వస్తే మొదటినుంచి పెట్టమంటుంది. అప్పుడు నన్ను పిలవండి... కాదు, పిలవకండి, అదే చెబుతుంది. పచ్చరంగు వస్తే..."

"పచ్చరంగు వస్తే అయినట్టు. మేమూ అక్షరాల బడికి రెండేళ్లు పోయాంలే," అంది హబ్బూషా. విసుక్కోలేదు.

ఇజ్జా ఇంకా అక్కడే కూర్చుని ఉంది. ఎవరూ అంకెలు నొక్కడం లేదు. తూదా ఫోను పట్టుకుని పైకప్పు దూలాలవైపు చూస్తోంది. యమ్నా టీ ఆకులు పొయ్యిలో దులుపుతోంది. తను లేచేదాకా వాళ్లు మొదలుపెట్టరని ఇజ్జాకు ఆలస్యంగా తట్టింది. గభాలున లేచింది. గ్లాసు ఒకటి కాలికి తగిలి దొర్లింది. తియ్యబోతే, "ఉండనీ," అంది కల్తూమా.

గడప దాటి వాకిట్లోకి వచ్చింది. ఎండ తెల్లగా ఉంది. గోడమీద ఆరేసిన చాపకు ఇంకా రెండు మూడు ఊదా రేకులు అంటుకుని ఉన్నాయి, నెల కిందటివి. వెనకాల అడుగుల చప్పుడైంది. తిరిగి చూస్తే తలుపు దగ్గర అత్త.

ఏదో అంటుందని ఇజ్జా నిలబడింది. తిడుతుందేమో. లేక, పోనీలే, రాత్రికి ఆ మాట నాకూ చదివి పెట్టు అంటుందేమో. అత్త కాస్త కనబడే కన్ను ఆమె మొహాన్ని చూసింది, తర్వాత చేతిని చూసింది. ఆ చూపులో ఏముందో ఇజ్జా పోల్చుకోలేకపోయింది.

"దీన్ని కూడా తీసుకుపో," అంది కల్తూమా. బుట్టలోంచి ఎత్తుకొచ్చిన మేకపిల్లను ఆమె చేతుల్లో పెట్టి, తలుపు మూసి, లోపలినుంచి గడియ వేసుకుంది.